మూడు ముక్కల సందు

ఇనుము ఒక కంపెనీది, కర్ర ఇంకో కంపెనీది. జలాశయ రక్షక దళానికి కొత్తగా వచ్చిన తుపాకుల సంగతి అది. తుపాకి మొత్తం ఒక్కడి దగ్గరే కొంటే వాడికి మేలు చేసినట్టవుతుందని పైవాళ్ళు తీర్మానించారు. అందుకని ఇనుప భాగానికో టెండరు, కర్ర భాగానికో టెండరు పిలిచి, దేనికి దానికే చవగ్గా ఇచ్చినవాడి దగ్గర కొన్నారు. ఒక ఊరి కుండకి ఇంకో ఊరి మూకుడు తెచ్చినట్టు రెండింటినీ దళంలో ఒకచోట పెట్టి మరలు బిగించారు. కలిశాయి. కాని కర్రకీ ఇనుముకీ మధ్య కాస్త సందు మిగిలింది.

గొట్టివాడ ఆనకట్ట కింద ఉండే ఆ దళానికి కాపలా పేరుకే. నీళ్ళని ఎవరు ఎత్తుకుపోతారు? అసలు పేరంతా కవాతుది. ‘సలామీ శస్త్ర్’ అని రిజర్వు ఇన్‌స్పెక్టరు తుపాకి వందనానికి కేక వేస్తే, దళమంతా తుపాకుల మీద చెయ్యి చరిచిన చప్పుడు ఒక్కటే వినిపించాలి. పాత తుపాకులతో అలాగే వినిపించేది. గట్టు మీద మేసే మేకలు ఒక్కసారి తలెత్తి మళ్ళీ దించుకునేవి. కొత్త తుపాకులతో మొదటి కవాతు రోజున ఎత్తిన తలలు దించలేదు. చప్పుడు ఆగితే కదా దించడానికి! రాళ్ళబాట మీద ఖాళీ బండి దొర్లినట్టు ఆ చివర్నించి ఈ చివరి దాకా లొటలొటమంటూనే ఉంది.

“ఏటిది? కవాతా, తప్పేలాల అంగడా?” అని రిజర్వు ఇన్‌స్పెక్టరు భానోజీరావు అరిచాడు. మళ్ళీ చెయ్యమన్నాడు. మళ్ళీ అదే.

ముందు వరసలో కుడి కొసన నిలబడ్డ గుంపస్వామి తన తుపాకిని కదలకుండా గట్టిగా అదిమి పట్టుకున్నాడు. దళంలో అతని కన్నా పాత కానిస్టేబులు లేడు. మాట తక్కువ మనిషి. ఎండాకాలంలో డైరెక్టరుగారు తనిఖీకి వస్తారు. కవాతులో ఆయన మెచ్చిన ఒక్కడికి హవల్దారు చారలు ఇవ్వడం ఆ దళంలో ఆనవాయితీ. ఈసారి తప్పితే గుంపస్వామి కానిస్టేబులుగానే ఇంటికి పోవాలి. మళ్ళీ తనిఖీ నాటికి అతనికి చారలిచ్చే వయసు దాటిపోతుంది.

చారలు లేకపోయినా అతనికి అన్నం సహించేది. అతని పెళ్ళాం ఎర్నమ్మకి సహించదు. ఆవిడ చెల్లెలి మొగుడు పట్నంలో ఏదో పటాలంలో హవల్దారు. ఏ పెళ్ళికి వెళ్ళినా చెల్లెల్ని “హవల్దారమ్మా, రా తల్లీ, ఇలగ కుర్సీలో కూకో” అంటారు. ఎర్నమ్మని “ఓలె ఎర్నమ్మా, ఆ సిక్కుడుకాయలు కాసింత ఈనెలు తియ్యి” అంటారు.

“నానేటి బంగారం అడిగినానా?” అనేది ఆవిడ. “సేతి మీద మూడు సారలు. అవి కుట్టించుకోనేవు. ఇన్నాళ్ళ నౌకరీలో ఏటి సేసినావయ్యా?”

గుంపస్వామి బూట్లు తీసుకుని పాలిష్ పెట్టుకునేవాడు.

*

తుపాకులు వదులుగా ఉన్నాయని భానోజీరావు పైకి రాశాడు. పైవాళ్ళు కంపెనీలకి రాశారు. మా ఇనుము కొలతల నక్షాకి వెంట్రుకవాసి తేడా లేకుండా ఉంది అని ఇనుము కంపెనీ రాసింది. మా కర్ర కూడా అంతే అని కర్ర కంపెనీ రాసింది. రెండూ నిజమే. ఎవరి నక్షా వాళ్ళది.

అప్పుడు సాంకేతిక విచారణ సంఘం వచ్చింది. దానికి అధ్యక్షులు విశ్వంభర పట్నాయక్‌గారు. తెల్లటి సఫారీ, నెమ్మదైన మాట. తుపాకిని ముట్టుకోకుండానే చాలాసేపు చూశారు. తర్వాత దళాన్నంతా మైదానంలో కూర్చోబెట్టి, వాళ్ళ ఎదుటే విచారణ జరిపారు.

“పైన ఉదహరించిన రెండు కంపెనీల సమాధానాలనూ కూలంకషంగా పరిశీలించడమైనది” అన్నారు. “ఇనుము సక్రమం. కర్ర సక్రమం. కనుక లోపం ఏ భాగమునందునూ లేదు. లోపమన్నది ఉంటే సందులో ఉండాలి. ఆ సందును ఎవరు సరఫరా చేశారు?”

“ఎవరూ చెయ్యలేదండి” అన్నాడు భానోజీరావు. “అదే వచ్చిందండి.”

“దానంతట అదే వచ్చినదా? ఇంతకు పూర్వం దళం ఆవరణలోనికి ఏదైనా దానంతట అదే వచ్చి ఉన్నదా?”

సూపరింటెండెంటు సోమసుందరం లేచాడు. “ఒక ఆవు వచ్చిందండి. ఎవరిదో తెలీదు. ప్రభుత్వం ఖాతాలో జమ కట్టాం.”

“ఆవుకేమైనా మరమ్మతు చేయించారా?”

“లేదండి. ఉన్నది ఉన్నట్టే జమ కట్టాం.”

పట్నాయక్‌గారి మొహం వికసించింది. “అదీ పద్ధతి. ఈ సందు ప్రభుత్వమునకు ఉచితముగా సంక్రమించినది. ఉచితముగా వచ్చినంత మాత్రాన అది ప్రభుత్వ ఆస్తి కాకుండా పోదు. దానిని పూడ్చుట ప్రభుత్వ ఆస్తిని ధ్వంసము చేయుటే అగును. ఎవరి సందుకు వారే పూచీ.”

వెనక వరసలో గుంపస్వామి పక్కన కూర్చున్న స్నేహితుడు దాలినాయుడు గుసగుసగా అన్నాడు. “బావా, ఆవైతే పాలిచ్చింది. ఇదేటి ఇస్తాది?”

గుంపస్వామి మోచేత్తో పొడిచాడు.

జమ కట్టాలంటే కొలవాలి. కొలిచే పరికరానికి టెండరు పిలిచారు. రేకు ఒకడు సరఫరా చేశాడు, పిడి ఇంకొకడు సరఫరా చేశాడు. అది తుపాకి కన్నా ఎక్కువ లొటలొటలాడింది. చివరికి దసరాల్లో బారక్కులో పట్టుకున్న పేక కట్ట ఒకటి సోమసుందరం బీరువాలో ఉంటే దాన్ని తెచ్చారు. సందులో ఎన్ని పేకముక్కలు పడితే అన్ని ముక్కల సందు. దాలినాయుడిది రెండు ముక్కలు. గుంపస్వామిది మూడు. ‘మూడు ముక్కల సందు ఒకటి, మంచి స్థితిలో అందినది’ అని రాసి ఉన్న చోట గుంపస్వామి సంతకం పెట్టాడు. అతని చేతికి సర్కారువారు ఇచ్చినవాటిలో బరువు లేనిది అదొక్కటే.

*

తనిఖీ దగ్గర పడింది. ఎండలు మండిపోతున్నాయి. కర్ర ఇంకా ఎండి సందులు ఇంకా మోగుతున్నాయి. గుంపస్వామికి ఒకటే దిగులు. లొటలొటలాడే తుపాకి పట్టుకున్నవాణ్ణి ఏ డైరెక్టరు మెచ్చుకుంటాడు?

దాలినాయుడే దారి చూపించాడు. పాత సైకిలు ట్యూబు ముక్క ఒకటి కోసి తెచ్చాడు.

“సందులో దోపీ బావా. ఎవుడికి కనపడతాది?”

“దొరికితే?”

“దొరికితే సందు ఏటి, సచ్చిపోద్దా? లోపలే ఉంతాది, రబ్బరు కింద.”

గుంపస్వామి దోపాడు. ఊపి చూశాడు. తుపాకి పెదవి విప్పలేదు. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి పాత చొక్కా చేతి మీద చారలు ఎంత ఎత్తున కుట్టించాలో వేళ్ళతో కొలిచి చూసుకున్నాడు. ఎర్నమ్మ చూసీ చూడనట్టు ఊరుకుని, ఆ పూట రెండు వడియాలు ఎక్కువ వేసింది.

తనిఖీ రోజున డైరెక్టరుగారు వచ్చారు. ఆయన బండి దిగేలోపే పట్నాయక్‌గారు చెవిలో సంగతంతా వేశారు. కొత్త తుపాకుల్లో ప్రభుత్వ ఆస్తి ఒకటి అదనంగా ఉందనీ, కనపడదు గాని వినపడుతుందనీ.

“సలామీ శస్త్ర్!”

దళమంతా గలగలమంది. డైరెక్టరుగారు కళ్ళు మూసుకుని విన్నారు.

“భేష్! ప్రభుత్వ సొమ్ము చప్పుడు చేస్తూ ఉంటేనే ఉన్నట్టు. చప్పుడు ఆగిందంటే ఎవడో తిన్నట్టు.”

వరసగా ఒక్కొక్క తుపాకినీ తీసుకుని, చెవి దగ్గర పెట్టుకుని, కొబ్బరికాయలో నీళ్ళు చూసినట్టు ఊపి ఇచ్చేస్తూ వచ్చారు. గుంపస్వామి దగ్గర ఆగారు. ఊపారు. మళ్ళీ ఊపారు. ఇటు చెవి మార్చి ఊపారు.

“ఇది పలకదేం?”

గుంపస్వామి ఆనకట్ట వైపు చూస్తూ సెల్యూట్ చేశాడు. డైరెక్టరుగారు సోమసుందరం వైపు తిరిగారు.

“ఇతని పేరిట ఎంత సందు ఉంది?”

“మూడు ముక్కలండి” అన్నాడు సోమసుందరం.

పేక కట్ట తెచ్చారు. ఒక్క ముక్క కూడా దూరలేదు. పట్నాయక్‌గారు ఎంతో బాధగా తల ఊపారు. “దళమునందు అందరికన్నా సీనియరు. కంచె చేను మేయుట అనగా ఇదియే.”

దాంతో చారలు పోయాయి. చారలతో ఆగలేదు. ప్రభుత్వ సందును స్వాహా చేసిన నేరానికి అతన్ని విధుల్లోంచి తప్పించారు. గడువు లోపల సందును యథాతథంగా అప్పగించకపోతే ఉద్యోగమే ఉండదని ఉత్తర్వు వస్తుందన్నారు.

*

ఉత్తర్వు టైపు కావాలి, పైకి పోవాలి, కిందికి రావాలి. అది గుంపస్వామి చేతికి అందేసరికి శ్రావణం వచ్చింది. వారం రోజులుగా ముసురు. ఆనకట్ట కింద గోడలన్నీ నాచు పట్టాయి.

గుంపస్వామి దళానికి పోయి, అందరి ముందూ ట్యూబు ముక్క పీకి బల్ల మీద పెట్టాడు. “తీసీసినాను బాబూ. సూసుకోండి.”

సోమసుందరం పేకముక్క దూర్చబోయాడు. దూరలేదు.

వానకి కర్ర ఉబ్బి ఇనుముని కరుచుకుంది. తుపాకి ఇప్పుడు ఒంటి రాయిలా ఉంది. దాన్ని తయారు చేసినవాళ్ళు చూస్తే మురిసిపోయేవారు.

“కర్ర ఉబ్బినాది బాబూ. వానకి ఉబ్బుతాది” అన్నాడు గుంపస్వామి.

భానోజీరావుకి ఆ సంగతి తెలియక కాదు. ఆయన ఇంటి తలుపూ వారం నుంచి పడటం లేదు. కాని ఆయన అన్నది వేరు. “గుంపస్వామీ, ప్రభుత్వ ఆస్తి వానొస్తే తగ్గడం, ఎండొస్తే పెరగడం ఉండదు. ఎవడైనా తగ్గిస్తేనే తగ్గుద్ది. సందు తెచ్చి అప్పచెప్పు.”

“ఎక్కణ్ణించి తెమ్మంతారు?”

“తీసినోడికే తెలవాల.”

తుపాకిని ఇంటికి ఇవ్వకూడదు. అందుకని ఇనుము దళంలో ఉంచుకుని కర్ర ఒక్కటీ ఊడదీసి ఇచ్చారు. సందు రెండింటి మధ్యది కదా, ఒక్క కర్రకి ఎలా అప్పగిస్తామని సోమసుందరానికి సందేహం వచ్చింది గాని, దాని మీద పైకి రాస్తే మళ్ళీ శ్రావణం వస్తుందని ఊరుకున్నాడు.

ఎర్నమ్మ కర్రని అటూ ఇటూ తిప్పి చూసింది.

“ఇందులో నువ్వు తిన్నదేటి?”

“సందు.”

“అదేటి?”

గుంపస్వామి చూపుడువేలూ బొటనవేలూ దగ్గరగా పెట్టి, మధ్య ఖాళీ చూపించాడు. ఎర్నమ్మ ఆ ఖాళీలోంచి మొగుడి మొహం చూసింది.

“దీనికా నా సారలు పోనాయి!” అంది. కాసేపటికి లేచి కర్ర పట్టుకుంది. “ఆరితే వొస్తాదేటి?”

“వొస్తాది.”

“అయితే ఏడుపెందుకు?”

పొయ్యి పైన తడక మీద ఎండు మెత్తళ్ళ చేపలు పొగ పట్టి ఉన్నాయి. వాటిని ఒక పక్కకి జరిపి కర్రని పడుకోబెట్టింది. గడువు ముగిసే దాకా పొయ్యి ఆరనివ్వలేదు. పనున్నా లేకపోయినా ఏదో ఒకటి ఉడకేసింది. ముసుర్లో ఊరందరి బట్టలూ ఆరక కంపు కొడుతుంటే, గుంపస్వామి కర్ర ఒక్కటే గలగల్లాడేలా ఎండింది.

దళంలో దాన్ని ఇనుముకి బిగించారు. తుపాకి నిండా చేపల వాసన. సోమసుందరం ముక్కు మూసుకుని పేకముక్కలు దూర్చాడు. ఒకటి, రెండు, మూడు. గుంపస్వామి ఊపిరి పీల్చుకున్నాడు. సోమసుందరం చేతిలో ఇంకో ముక్క ఉంటే అదీ దూర్చాడు. పట్టింది. ఇంకోటి తీశాడు. అదీ పట్టింది.

సోమసుందరం మిగతా కట్ట కింద పెట్టేశాడు.

“ఇచ్చినది మూడు” అన్నారు పట్నాయక్‌గారు. ఆయన ఈ పని మీదే ప్రత్యేకంగా వచ్చి ఉన్నారు. “తెచ్చినది ఐదు. ఆ రెండు ముక్కల సందు నీకు ఎక్కడి నుండి సంప్రాప్తించినది?”

గుంపస్వామి వంగి సందులో ముక్కలు తనే మళ్ళీ లెక్కపెట్టాడు. ఐదే.

“మిగతా వారి సందులు తనిఖీ చేయండి.”

చేశారు. దళంలో ఉన్న తుపాకులన్నీ వానకి బిగుసుకుని ఉన్నాయి. దాలినాయుడి తుపాకిలో రెండు ముక్కల చోట ఒక్కటీ పట్టలేదు. ఎవడి తుపాకిలోనూ పట్టలేదు. మొత్తం దళం సందులన్నీ మాయం. ఒక్క గుంపస్వామి దగ్గరే ఉంది, అదీ ఉండవలసిన దానికన్నా ఎక్కువ.

ఇంక వేరే సాక్ష్యమెందుకు?

*

మర్నాడు పొద్దున్నే భానోజీరావు మఫ్టీలో గుంపస్వామి ఇంటికి వచ్చాడు. కుక్కిమంచం అంచున కూర్చుని, ఎర్నమ్మ ఇచ్చిన టీ తాగాడు.

“రెండు దార్లున్నాయి” అన్నాడు. “కర్ర ఉబ్బుద్ది, ఎండుద్ది అని నువ్వు వాదించొచ్చు. అప్పుడు పట్నాయక్‌గారి సంఘం తప్పు. దాన్ని విని భేషన్న డైరెక్టరుగారు తప్పు. అంతమంది పెద్దోళ్ళు తప్పవుతారా, నువ్వవుతావా? నీ నౌకరీ పోద్ది. పింఛనూ పోద్ది.”

“రెండోది?”

“నేనే తీసినాను, మనసు మారి తిరిగి ఇచ్చేస్తన్నాను అని ఒప్పుకో. తనంతట తాను అప్పగించినోడికి క్షమాపణ ఉంది. అదొక్కటే కాదు. కొరతలో ఉన్న ఆస్తిని మూడు నుంచి ఐదుకి పెంచినోడు ఈ దళంలో నువ్వొక్కడివే అని డైరెక్టరుగారు ముచ్చట పడ్డారు. దళం సందులన్నిటికీ ఒక సంరక్షకుడు కావాలంట. కానిస్టేబులు సందుకి కానిస్టేబులు కాపలా ఉండకూడదు కాబట్టి...” భానోజీరావు తన జబ్బ మీద మూడు వేళ్ళతో మూడు గీతలు గీసి చూపించాడు.

ఆయన వెళ్ళాక ఎర్నమ్మ టీ గ్లాసు కడిగి బోర్లించింది.

“దొంగనని రాసి సంతకం ఎట్టాల” అన్నాడు గుంపస్వామి.

“ఏటి దొంగిలించినావని?”

“ఏటీ నేదు.”

“మరి ఏటీ దొంగిలించనోడు దొంగెలగ అవుతాడు?” అంది ఎర్నమ్మ. కానీ ఆవిడ మొగుడి వంక చూడకుండా పొయ్యి వంక చూస్తూ అంది. కాస్త ఆగి, “నాను ఒద్దన్నా సారలు కుట్టించుకుంతావు. కావాలన్నా కుట్టించుకుంతావు. నన్నడిగినట్టు అడక్కు” అంది.

గుంపస్వామి ఒప్పుకోలు రాసిచ్చాడు. తోటివారి తుపాకుల్లోని సందులను ఎవరూ చూడని వేళల్లో కొద్దికొద్దిగా తీసి, తన తుపాకిలో దాచుకున్నానని రాశాడు. వాక్యం సోమసుందరం చెప్పాడు. దస్తూరీ మాత్రం గుంపస్వామిది, గుండ్రంగా, ముచ్చటగా ఉంది.

ఎండలు కాశాక అందరి కర్రలూ ఆరి అందరి సందులూ తిరిగి వచ్చాయి. సంరక్షకుడి కృషి వల్ల కొరత పూర్తిగా భర్తీ అయినదని పట్నాయక్‌గారు పైకి రాశారు. ఆయనకీ పై మెట్టు వచ్చింది. మరుసటి పెళ్ళిలో ఎర్నమ్మకి కుర్చీ వేశారు. చెల్లెలి పక్కనే. ఇద్దరు హవల్దారమ్మలూ ఒకరి చీర ఒకరు మెచ్చుకున్నారు. చిక్కుడుకాయలు ఇంకెవరో ఈనెలు తీశారు.

*

మళ్ళీ ముసురు పట్టింది.

నెలాఖరు సందుల తనిఖీ. బల్ల వెనక గుంపస్వామి. చొక్కా చేతి మీద మూడు చారలు, చేతిలో పేక కట్ట. ఎదురుగా దాలినాయుడు తుపాకి పట్టుకుని నిలబడ్డాడు. బయట వాన ధారగా పడుతోంది.

గుంపస్వామి ముక్క దూర్చాడు. దూరలేదు. తిప్పి దూర్చాడు. అయినా దూరలేదు.

సందు కొరతగా ఉందని రాయకపోతే ఆ కొరత సంరక్షకుడి మీద పడుతుంది. సంరక్షకుడి మీద పడితే చారలు ఊడతాయి. రాస్తే దాలినాయుడి మీద పడుతుంది. వచ్చే ఎండాకాలం తనిఖీలో చారల కోసం చూస్తున్నది దాలినాయుడే.

“నీ సందు ఏదయ్యా?” అన్నాడు గుంపస్వామి.

దాలినాయుడు నవ్వబోయి, ఎదుటి మొహం చూసి ఆపేశాడు. కిటికీ వైపు చెయ్యి చూపించాడు. “వాన బావా. కర్ర ఉబ్బినాది. నీకు తెల్దేటి?”

గుంపస్వామి పేకముక్కలు ఒకదాని మీద ఒకటి సర్ది, అంచులు సమంగా తట్టి, బల్ల మీద పెట్టాడు.

“గుంపస్వామికి తెలుసు బావా” అన్నాడు. “హవల్దారుకి తెల్దు.”

కలం తీసి మూత విప్పాడు.